బ్రేకుకు తెలియాల్సిన బరువు

మా మరిది పోయాడని పెనుకొండ నుంచి ఫోను వచ్చేసరికి నేను హిందూపురంలో పప్పుకు తాలింపు వేస్తున్నాను. "గుండె ఆగిపోయిందంట పెద్దమ్మా," అన్నాడు ఆయన కొడుకు. ట్రాక్టరు తోలినన్నాళ్లూ బండిని ఆపడం గురించే మాట్లాడిన మనిషి.

మా వైపు ట్రాక్టరు కొనేవాళ్లు అడిగేది ఒక్కటే: "ఎంత లాగుతాది?" ఆ ప్రశ్న ఆయనకు గిట్టదు. సరుకు బరువు ఒక్కటే చూసుకుని, ట్రాలీ సొంత బరువు, నీళ్ల డ్రమ్ము, పైన కూర్చున్న మనుషులు మరిచిపోవడం ఊరందరికీ అలవాటు. ఆయన మాత్రం ఎవరినీ దిగనివ్వకుండా బండ్లు తూచే కాటా మీదికి తోలేవాడు. ఒకసారి పెళ్లి సామానుతో నేనూ ట్రాలీలో ఉన్నాను.

"ఏమబ్బా, నా బరువు ఊరంతా తెలియాల్నా?"

"ఊరికెందుకు వదినా, బ్రేకుకు తెలిస్తే చాలు."

నిరుడు కొడుకు ధర్మవరం వైపు ఒక క్వారీ నుంచి బండలు తోలే పని కుదుర్చుకున్నాడు. మా మరిది కాటా వేయిస్తే, వాళ్ల ట్రాక్టరు లాగొచ్చని కాగితాల్లో రాసిన బరువును ట్రాలీ, బండలూ కలిసి ఎప్పుడో దాటేశాయి.

"ఇంజను లాగుతాది నాయనా!"

"లాగుతాదిలేరా. దిగుడులో ఆ బండలే నిన్ను తోస్తాయి. అప్పుడు ఆపేదెవరు?"

"నీ పిరికితనంతోనే ఈడ్నే ఉండాం మనం."

ట్రాక్టరు తాళంచెవి ఆయన మొలతాడుకు చేరింది. కొడుకు మాటలు మానేశాడు. ఒకే ఇంట్లో ఏడాదిపాటు అట్లాగే తిన్నారు, పడుకున్నారు. "మాట్లాడకపోతే పోనీ వదినా, వాడు ఉంటే చాలు," అన్నాడు నాతో.

శవానికి స్నానం చేయించేటప్పుడు ఎవరో ఆ తాళంచెవి విప్పి కొడుకు చేతిలో పెట్టారు. పిరికోడని నవ్వినవాళ్లే "ఎంత జాగ్రత్త మనిషో!" అని కళ్లొత్తుకున్నారు. పోయినవాడి జాగ్రత్తను మెచ్చుకుంటే ఎవరి సొమ్మూ పోదు కదా. కొడుకును పక్కకు పిలిచి, "ఒరే, మీ నాయన మాట..." అన్నాను.

"నాయన పోయినాడు కదా పెద్దమ్మా."

పెద్దకర్మ అయి వారం కాలేదు. మళ్లీ పెనుకొండ వెళ్లి, తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. మా మరిది ట్రాక్టరు ఎత్తు ఎక్కుతూ వచ్చింది, వెనక ట్రాలీ నిండా బండలు. ఆ బరువు వెనక్కి తొక్కుతుంటే ముందు చక్రాలు నేలను తాకుతున్నాయి, వదులుతున్నాయి. అవి నేల మీద లేకపోతే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు. తండ్రి కోసం గీయించుకున్న గుండు ఎండకు మెరుస్తుండగా, వాడు నన్ను చూసి నవ్వి, ఒక చెయ్యి వదిలి ఊపాడు.

ఆ ఎత్తు దాటితే అవతల అంతా దిగుడే.