తనూజ నోరు ఎందుకు తెరవదు

మా గౌలిపురలో తనూజ గురించి ఒక మాట తిరుగుతోంది. మాట్లాడడం నేర్పే క్లబ్బని పేరు పెట్టి, ఆదివారం ఆదివారం సంఘం హాల్లో ఏదో పార్టీకి మనుషుల్ని తయారు చేస్తోందని. నేను కళ్లారా చూసి, చెవులారా విన్నాను కాబట్టి అసలు సంగతి చెబుతాను.

తనూజ ఎవరో కాదు, మనకు పాలు పోసే లీలమ్మ బిడ్డ. పళ్ల డాక్టరు దగ్గర టోకెన్లు రాస్తుంది. ఎవరైనా పలకరిస్తే తలూపుతుంది, అంతే. అట్లాంటి మనిషి జనానికి మాట్లాడడం నేర్పుతుందంటే ఎవరికైనా అనుమానం రాదా?

సంఘం పెద్ద మొగులయ్యకు వచ్చింది. హాలు తాళంచెవి ఇచ్చేది ఆయనే.

"అక్కా, నీ కోడలు స్రవ్య గూడ ఆడికే పోతున్నదంట గద. జర పోయి చూసిరా. ఏమన్న తేడా ఉంటె ఇయ్యాల్నే తాళమేస్త," అన్నాడు.

ఈ గల్లీలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో నాకు తెలుసని ఆయనకు తెలుసు మరి.

వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. మిర్చి బండి పెంటయ్య నిలబడి తన బండి కథ గలగలా చెబుతున్నాడు. ఎప్పుడో ఒకసారి "అంటే..." అన్నా చాలు, మూలన కూర్చున్న శారదమ్మ స్టీలు గ్లాసు మీద చెంచాతో టంగుమని కొడుతోంది. ఇంకొకామె పచ్చ గుడ్డ చూపించింది, తర్వాత పసుపుది, తర్వాత ఎర్రది. ఎర్రది చూడగానే పెంటయ్య మాట మింగేసి కూర్చున్నాడు. రంగు గుడ్డలూపి మనుషుల్ని ఆడించేది పార్టీవాళ్లు కాక ఇంకెవరు?

"టైమైపోయిందని చెప్పుడత్తమ్మా గది," అంది స్రవ్య నా చెవిలో. "గ్లాసేమో ఊకె అంటే అంటే అనకుండ."

"మరి మీ టీచరమ్మ తనూజ మాట్లాడదేందే?"

"ఆమె నేర్పేది క్లబ్బు నడిపెటోళ్లకు. మాకు వాళ్లే నేర్పిండ్రు."

అనుమానం తగ్గకపోగా ఇంకా పెరిగింది. అందరూ లేచాక తనూజ నలుగురిని పక్కకు పిలిచింది. మంచినీళ్ల కోసమన్నట్టు నేనూ అటే జరిగాను.

"కొత్తోళ్లను మొదటిరోజే నిలబెట్టకుండ్రి, బెదిరిపోతరు. పక్కన కూసోబెట్టుకోండ్రి. రాకుంటె ఇంటికి పోయి అడుగుండ్రి," అని చెబుతోంది.

ఇళ్లకు పోయి అడగాలట! ఓట్లకు తిరిగేవాళ్ల పద్ధతి కాదూ ఇది? అంతటితో ఆగలేదు. పెంటయ్యను లాల్‌దర్వాజాలో కొత్త క్లబ్బు పెట్టమంది. నా కోడల్ని హుస్సేనీ ఆలం చూసుకోమంది. తయారైనవాళ్లను తలో బస్తీకి పంపి, తడబడేవాళ్లను ఇక్కడ ఉంచుకుంటోంది. మంచి పనివాణ్ణి చేజేతులా పక్క దుకాణానికి పంపే సేటును ఎక్కడైనా చూశారా?

బయటికి వచ్చేసరికి మొగులయ్య మెట్ల మీద ఉన్నాడు, చేతిలో తాళం.

"ఏమంటవక్కా, వెయ్యాల్నా?"

"ఆగు. నన్ను అడగనియ్యి." నా వెనకే బయటికొచ్చిన తనూజ వైపు తిరిగాను. "సీదా అడుగుతున్న, సీదా చెప్పు బిడ్డా. ఏ పార్టీ నీది? మంచిగ మాట్లాడెటోళ్లను బస్తీలకు పంపిస్తివి. నువ్వేమో నోరు తెరవవు. ఏం దాస్తున్నవే?"

ఆమె ఎర్ర గుడ్డను మడతపెడుతూ ఆ తాళం వైపు చూసింది.

"ఏ పార్టీ లేదు పెద్దమ్మా. మునుపు షాలిబండల ఒక క్లబ్బు నడిపిన. తలుపు తీసుడు నేనే, మాట్లాడుడు నేనే, తప్పులు దిద్దుడు నేనే. అందరు నా మొకం దిక్కే చూస్తుండిరి. అమ్మకు ఆపరేషనైతె కొన్ని వారాలు పోలే. మల్ల పోయి చూస్తె గదినిండ పెండ్లి కుర్చీలు పేర్చిండ్రు. నేను లేకుంటె తలుపు తియ్యమని అడిగినోళ్లే లేరంట. గందుకే, నేను లేకున్న క్లబ్బు నడవాల్నని ఈసారి నోరు మూసుకున్న. మొగులయ్య బాపూ, నా మీద అనుమానముంటె తాళంచెవి నాకియ్యకు, శారదమ్మకియ్యి. నన్ను రావద్దంటె రాను. హాలు మాత్రం మూయకు."