హనుమక్క భాగం

శింగనమల దగ్గరి పల్లెలో హనుమక్కను నడకతోనే గుర్తుపట్టొచ్చు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, తల వంచుకుని, చీనీ బత్తాయి తోటల మధ్య పైపు పోయిన దారి వెంటే నడుస్తుంది. పాదానికి చెమ్మ తగిలిందంటే అక్కడే కూర్చుని మట్టి తోడి, పగులుకు రబ్బరు ట్యూబు బిగించి కట్టిగాని లేవదు. భర్త పోయాక గొర్రెలమ్మి ఆ పైపులో భాగం పెట్టింది. పదిమంది కలిసి బోరు వేయించి, తోటలకు నీళ్లమ్మి, వచ్చినదాన్ని మూడు నెలలకోసారి పంచుకుంటారు. ఆమె ఇల్లు గడిచేది దాంతోనే.

ఈ ఎండాకాలం పక్క ఊరి పైపు సంఘం బోరు ఎండిపోయింది. రెండు సంఘాలనూ ఒకటి చేద్దామని వాళ్లొచ్చి అడిగారు. "కలిస్తే మనకొచ్చే దుడ్లు సగమైపోతాయి. అందరికన్నా నీకే కష్టమక్కా, వద్దని చెప్పు" అన్నాడు సాటి భాగస్తుడు ఓబులేసు. హనుమక్క వేళ్లకంటిన మట్టిని గిల్లుకుంది.

"వాళ్లు గూడా నా మాదిరే ఉండేది అమ్ముకొని పెట్టినోళ్లే గదప్పా. కలపండి" అంది.

ఆమే సరేనన్నాక ఇంకెవరూ కాదనలేకపోయారు.

పంపకంలో ఆమెకు నిజంగానే సగం వచ్చింది. వానలు పడి కలుపు మొలిచాక ఓబులేసు వేరుశనగ చేలోకే కూలికి వెళ్లింది. కలుపు తీస్తున్న ఆమెను చూసి అతను గట్టు మీద ఆగిపోయాడు.

"చెప్తే వింటివా అక్కా?"

"నాకు సగమన్నా వచ్చె. వాళ్లకు అదీ లేకుండా పోతాండె గదప్పా" అని ఆమె మళ్లీ వంగింది.

ఓబులేసు చేలోకి దిగి, ఆమె పక్క సాలు పట్టుకున్నాడు.