కోదండరామన్ తాగిన ఒకే సిగరెట్టు

మొన్న మా మిల్లు క్యాంటీను హాల్లో ఒక డాక్టరుగారు, కాలేజీ కుర్రాళ్ళు మొదటి సిగరెట్టు ఎందుకు ముట్టిస్తారో గంటసేపు చెప్పాడు. సినిమా మోజట, స్నేహితుల బలవంతమట, పెద్దవాళ్ళమైపోయామని చూపించుకునే ఆరాటమట. నాకు రెండు వరసల ముందు కోదండరామన్ కూర్చున్నాడు. కనుబొమల నిండా దూది నూగు. డాక్టరు చెప్పేదానికి బుద్ధిగా తలూపుతున్నాడు. అతని కథ ఆ జాబితాలో లేదు. అది తెలిసిన నేను వెనక కూర్చుని తేరగా వచ్చిన టీ తాగుతున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

కోదండరామన్ ముప్పై ఏళ్ళుగా బ్లోరూంలో ఉన్నాడు. బేళ్ళు విప్పి, గడ్డకట్టిన దూదిని యంత్రంలోకి తోసే చోటు అది. అక్కడ గాలి పీల్చడమంటే దుమ్ము తినడమే. నేను అదే మిల్లు టైమాఫీసులో, ఫ్యాను కింద. అతను బి.ఎస్సీ. పూర్తి చేసుంటే నా కుర్చీలో ఉండేవాడు, లేదా నాకు పైన ఉండేవాడు. నాకన్నా తెలివైనవాడు. ఇది నేను మర్యాదకు అంటున్న మాట కాదు.

యాభై ఏడులో మేమిద్దరం కోయంబత్తూరులో మనవాళ్ళ ట్రస్టు హాస్టల్లో ఉండేవాళ్ళం. తెలుగు ఇళ్ళ పేదపిల్లలకు మిల్లు పెద్దలు కట్టించిన హాస్టలు. తిండీ, మంచమూ ఉచితం. ఒకే షరతు: పొగ తాగితే ఆ రోజే పెట్టె సర్దుకోవాలి.

వార్డెన్ కందసామి అంతకుముందు మిల్లు గేటు దగ్గర పనిచేసినవాడు. దూదికి నిప్పంటుకుంటుందని అక్కడ అగ్గిపెట్టెలు లాక్కునేవారు, అనుమానం వస్తే నోరు వాసన చూసేవారు. ఆయన ఆ అలవాటును హాస్టలుకు మోసుకొచ్చాడు. రోజూ సాయంత్రం భోజనానికి ముందు నలభై మందిమీ వరసకట్టాలి. ఆయన ముక్కు మా పెదాల దాకా తెచ్చి, "ఊదు!" అనేవాడు. నలభై నోళ్ళ కంపు పీల్చి ఆ మనిషి ఎలా అన్నం తినేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నేనూ, అయ్యప్పనూ, బంగారూ మూడో ఏడు. ముగ్గురం తాగేవాళ్ళం. నేనెందుకు మొదలుపెట్టానో చెప్పడానికి సిగ్గేం లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఊటీ కాన్వెంటు కుర్రాళ్ళు ఇంగ్లీషులో ఏదైనా అడిగితే నా నాలుక పిడచకట్టేది. నోట్లో సిగరెట్టు ఉంటే జవాబు చెప్పక్కర్లేదు, కళ్ళు చికిలించి తలాడిస్తే చాలు. మూడేళ్ళు అలా నెట్టుకొచ్చాను. చెత్త కారణమే, కానీ అది నా ఒక్కడి చెత్త.

ఆ ఏడు కోదండరామన్ తేని నుంచి వచ్చి చేరాడు. తండ్రి లేడు. తల్లి పొన్నమ్మాళ్ ఏలకుల మండీలో కాయలు ఏరే పని చేసేది. పగిలిన కాయలు పనివాళ్ళకు ఇచ్చేవారట. హాస్టలు తిండి పడదేమోనని ఆమె వాటిని ఒక గుడ్డసంచిలో పోసి కొడుకుతో పంపింది. వాడి పెట్టె తెరిస్తే గదంతా ఏలకుల వాసన. పొగ కంపుకు ఇంతకన్నా మంచి మందు ఉండదని అయ్యప్పన్ మొదటిరోజే కనిపెట్టాడు.

"తంబీ, కడుపు నొప్పిరా. రెండు కాయలుంటే ఇస్తావా?" అన్నాడు.

"రెండేమిటికి అన్నా, నాలుగు తీసుకో. బాగా నమిలి మింగల్ల," అన్నాడు వాడు.

ఆ రోజు నుంచి మా ముగ్గురికీ రోజూ సాయంత్రం కడుపునొప్పే. స్నానాల గదుల వెనక పొగ పీల్చి, ఏలకులు నమిలి, దర్జాగా వరసలో నిలబడి వార్డెన్ మొహాన ఊదేవాళ్ళం. పాపం వాడు మా కడుపుల గురించి తల్లికి ఉత్తరం కూడా రాశాడు. ఆమె ఇంకో సంచి పంపింది. "సంజీవన్నకు పొద్దున వట్టి కడుపుతో రెండు ఇయ్యి" అని నా పేరు కూడా రాయించింది. అది చదివి బంగారు పొర్లిపొర్లి నవ్వాడు. నేనూ నవ్వాను.

కార్తీకంలో వానలకు స్నానాల గదుల కాలువ పొంగింది. శుభ్రం చేసే మారి బురద తోడి వసారా ముందు పోశాడు. నల్లటి బురదలో జుట్టు, సబ్బు జిగురు, ఉబ్బిపోయిన సిగరెట్టు పీకలు, వాటితో పాటు గుప్పెళ్ళకొద్దీ ఏలకుల తొక్కలు. వార్డెన్ ముక్కుకు తువ్వాలు అడ్డంపెట్టుకుని వాటిని కర్రతో కెలికాడు. విషయం అర్థమైపోయింది ఆయనకు.

"ఎవరి దగ్గరరా ఏలకాయి ఉండేది?"

కోదండరామన్ పరిగెత్తుకెళ్ళి సంచి తెచ్చి ఇచ్చాడు. ఆయనకూ కడుపునొప్పి అనుకున్నాడు, వెర్రివాడు.

వార్డెన్ సంచి లాక్కున్నాడు. "కంపు దాచను సరుకు ఇస్తా ఉండావా? వచ్చే ఆదివారం ట్రస్టు సెక్రెటరీ వస్తారు. తాగేవాళ్ళు ఎవరో అప్పటికి సెప్పు. లేకుంటే తాగేది నువ్వే అని రాసి ఇస్తాను," అన్నాడు. ఆ సాయంత్రమే తల్లికి కూడా ఉత్తరం వేశాడు.

వాడు తిన్నగా మా గదికి వచ్చాడు. ముఖం పాలిపోయింది.

"అన్నా, కడుపు నొప్పి అనింది పొయ్యా? అంతా అబద్ధమా?"

వాడు మంచం మీద కూర్చుని మళ్ళీ అన్నాడు. "నాకు అబద్ధం సెప్పను రాదన్నా. అడిగితే ఏమి సెప్పేది? నా సీటు పోతే అమ్మ సచ్చిపోతాది."

ఒక రోజంతా అయ్యప్పన్ ఆలోచించాడు. వాడి ఆలోచన నీచమైనది, దానికి నేను చప్పున ఒప్పుకున్నాను. బుధవారం మధ్యాహ్నం కోదండరామన్‌ని స్నానాల గదుల వెనక్కి పిలిపించాం.

"ఇదో పార్, ఇట్ల సూడు తంబీ," అన్నాడు అయ్యప్పన్, భుజం మీద చెయ్యేసి. "ఒకడు పోతే తరిమేస్తారు. నలుగురు పోయి తప్పు ఒప్పుకుంటే ఏమి సేస్తారు? అదట్టి, నాలుగు తిట్టి వదిలేస్తారు. నువ్వు మాతో ఒకటి తాగు. ఈ పొద్దు సాయంత్రం వరసలో నలుగురం కలిసి ముందుకొచ్చి సెప్పేద్దాం. మా మీద నమ్మకం ఉండాదా, లేదా?"

"నేను తాగకుండా వచ్చి సెప్తే సాలదా అన్నా?"

"అప్పుడు నువ్వు సాక్షివి, కూటాళివి కాదు, మాలో ఒకడివి కాదు," అన్నాడు బంగారు.

వాడు నా వైపు చూశాడు. మా ముగ్గురిలో వాడికి నా మీదే గురి. "సంజీవన్నా, సత్యమా ముందుకొస్తారా?"

"సత్యంగా వస్తాం," అన్నాను. అగ్గిపుల్ల గీసింది నేనే.

వాడు తాగినది చూడటానికే అసహ్యంగా ఉండింది. మొదటి దమ్ముకే కళ్ళూ ముక్కూ ఒకటైపోయాయి. మూడో దమ్ముకు గోడ పట్టుకుని పొద్దున తిన్నదంతా కక్కాడు. గడ్డం మీద నుంచి చొంగ కారుతోంది. అలాగే నోరు తుడుచుకుని మళ్ళీ పీల్చాడు, చివరి దాకా. మాట ఇచ్చాడు కదా. మేం మావి అంతకుముందే తాగేశామని చెప్పాం. ఆ రోజు మేం ముట్టుకోనే లేదు.

సాయంత్రం వరసలో వార్డెన్ నా ముందు ఆగి "ఊదు!" అన్నాడు. ఊదాను. శుభ్రం. అయ్యప్పన్ శుభ్రం. బంగారు శుభ్రం. కోదండరామన్ ముందుకు రాగానే ఆయన ముక్కు చిట్లించి, చెంప పగిలేలా కొట్టాడు.

"ఇంకెవరురా నీతో?"

వాడు మా పేర్లు చెప్పలేదు. చెంప పట్టుకుని, "వాళ్ళే సెప్తారు సార్," అన్నాడు.

వార్డెన్ ఆగాడు. నలభై మందీ ఆగారు. ఆకులు వేసి ఉన్నాయి, అన్నం మీద ఈగలు ముసురుతున్నాయి. కోదండరామన్ మా వైపు చూడను కూడా లేదు, అంత నమ్మకం. నేను నా కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. చాలాసేపటికి వాడు తలతిప్పి ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూశాడు.

ఆదివారం పొన్నమ్మాళ్ తేని నుంచి బస్సులో వచ్చింది. వసారాలో సెక్రెటరీ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడి అంతా వింది. నమ్మలేదు. నా కొడుకు తాగడు సామీ, తాగడు, అని అదే మాట పదిసార్లు అంది. కోదండరామన్ పక్కనే తలొంచుకుని ఉన్నాడు. అడిగితే తాగానని ఒప్పుకున్నాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆమె వాడి మాట కూడా నమ్మలేదు, వేరెవరి తప్పో మీదేసుకుంటున్నాడని పట్టుబట్టింది. చుట్టూ చూసి, "ఇక్కడ సంజీవి అనేది ఎవరు?" అని అడిగింది.

సెక్రెటరీ నన్ను ముందుకు పిలిచాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. కాయలు ఏరి ఏరి వేళ్ళ కొసలు గరుకుతేలి ఉన్నాయి.

"తంబీ, మా వాడు ఉత్తరం రాస్తే నీ మాటే రాస్తాడు. నువ్వు సెప్తే నమ్ముతాను. నా కొడుకు తాగినాడా?"

కోదండరామన్ తలెత్తాడు. మిగిలిందంతా నేను చెప్తానని, అప్పటికి కూడా, వాడి కళ్ళలో ఆశ కనిపించింది.

"తాగాడమ్మా. నేను చూశాను," అన్నాను. అంతటితో ఆపేశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆమె నా చేతులు వదిలి కొడుకును ఆ చెంపా ఈ చెంపా వాయించింది. వాడు అడ్డుకోలేదు. అలసిపోయాక చెంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు తిరిగి చేతులు జోడించింది.

"తప్పుగా ఎంచుకోవద్దు తంబీ. వీడితో సేరి మీకు కూడా సెడ్డపేరు వచ్చుండాల," అంది.

నేను, పరవాలేదమ్మా, అన్నాను.