తెర మీద వణికిన బాణం

తొంభైల చివర్లో నేను టేకులపల్లి దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసులో పనిచేసేదాన్ని. బొగ్గుబాయిల పాత మ్యాపులను కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. ఆఫీసంటే కిరాయికి తీసుకున్న రేకుల ఇల్లు. ముందు రోడ్డు మీద బొగ్గు లారీలు, వెనక టేకు చెట్లు. మా ఊరు కల్లూరు నుంచి రోజూ వచ్చిపోయే దూరం కాదు గనుక అక్కడే ఒక గదిలో ఉండేదాన్ని. కంప్యూటర్ కోర్సు చేసింది నేనొక్కదాన్నే కాబట్టి, ఏది చెడినా నన్నే పిలిచేవాళ్లు.

నాతో పాటు ఒక పెద్దాయన పనిచేసేవారు. బాయి సర్వే ఆఫీసులో మ్యాపులు గీసి గీసి రిటైరైన మనిషి. పాత కాగితం మీద గీత చెరిగిపోయిన చోట బాయి లోపల ఏముండేదో ఆయనకు గుర్తుండేది. అందుకే కాంట్రాక్టరు ఆయన్ను పెట్టుకున్నాడు. ఆయన నన్ను బిడ్డా అనేవారు, నేను సార్ అనేదాన్ని.

ఎండాకాలం మొదట్లో తెర మీద మ్యాపులు గీయడానికి కొత్త కంప్యూటర్ వచ్చింది. హైదరాబాదు నుంచి ఒకతను వచ్చి అది నడవడానికి కావలసిన యూనిక్స్ అనే సిస్టం ఎక్కించి, బస్సు టైమైందని వెళ్లిపోయాడు. నల్ల తెర మీద అక్షరాలు కొడితే అన్నీ బాగానే ఉన్నాయి. బొమ్మల తెర తెరిస్తే మాత్రం బాణం గుర్తు నట్టనడుమ నిలబడిపోయింది. మౌస్ ఎంత తిప్పినా కదలదు.

"ఏంది బిడ్డా, గిది బతికే ఉన్నదా?" అన్నారు పెద్దాయన.

"ఉంది సార్. మాట వినట్లేదు."

రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌లో చాలాసేపు నిలబడితే హైదరాబాదు లైను కలిసింది. "మౌస్ వైరు మిషను వెనక ఏ పోర్టులో గుచ్చారో సెట్టింగుల ఫైల్లో అదే రాసుండాలి, చూడండి" అని అతను చెబుతుండగానే లైను తెగిపోయింది. తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. వచ్చాక మిషను తన డిస్కంతా తనిఖీ చేసుకునేదాకా చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నా. ఫైలు తెరిస్తే అందులో మొదటి పోర్టని ఉంది, వైరేమో రెండో దానికి ఉంది. దిద్దాను. ఈసారి బాణం కదిలింది కానీ, ముట్టుకోగానే మూలకు ఎగిరిపోయి అక్కడే అతుక్కుంది. అడగని మెనూలు వాటంతటవే తెరుచుకున్నాయి. మౌస్ ఏ రకమో కూడా తప్పే రాసి ఉంది. ఒక రకం రాయడం, బొమ్మల తెర మూసి మళ్లీ తెరవడం, అది కాదని ఇంకోటి రాయడం. చివరికి బాణం చెప్పినట్టు విన్నప్పుడు సంతోషపడే ఓపిక కూడా నాలో లేదు.

"సార్, ఇక మీరు పట్టండి" అన్నా.

"రేపు చూద్దాం తీ బిడ్డా" అని ఆయన లేచి బయటికి పోయారు. మర్నాడు కూడా అదే మాట. ఆ తర్వాత కాంట్రాక్టరే వచ్చి, "పెద్దసారూ, మీరే గీయాలె. జల్దీ కానియ్యుండ్రి" అంటే తప్పక కూర్చున్నారు.

ఆయన మౌస్ పట్టుకోగానే బాణం వణికింది. తిన్నగా రావాల్సిన గీత రంపపు పళ్లలా వచ్చింది.

"ఏందమ్మా, బాగైందన్నవ్?" అన్నాడు కాంట్రాక్టరు.

"దుమ్ము చేరిందేమోనండీ."

మౌస్ కింద బంతి తీసి, లోపలి రోలర్లకు పట్టిన నల్లటి బొగ్గు దుమ్మును గోటితో గీకాను. నా చేతిలో బాగానే నడిచింది. ఆయన చేతిలో మళ్లీ అదే వణుకు. బాణం వేగం తగ్గించాను. ఖమ్మం పోయి కొత్త మౌస్ తెచ్చాను. ఏం చేసినా అంతే. నేను బల్ల కింద దూరి వైర్లు పీకి పెడుతుంటే ఆయన పైన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు.

ఒక మధ్యాహ్నం కాంట్రాక్టరు లేనప్పుడు, మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకుంటుంటే ఆపారు.

"మౌసు మంచిదే బిడ్డా. చెడ్డది నా చెయ్యి."

రెండు చేతులూ బల్ల మీదికి చాపి చూపించారు. కుడి చేతి వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి.

"ఇంట్ల గూడ చెప్పలే. చాయ్ ఒలుకుతదని గ్లాసుల సగమే పొయ్యమంట. గీ కాంట్రాక్టరుకు తెలిస్తే రేపటి నుంచి రావద్దంటడు."

మొదట కోపమొచ్చింది. ఇన్నాళ్లు నన్నిట్లా తిప్పలు పెట్టారే అనిపించింది. కానీ అరవడానికి కూడా ఓపిక కావాలి. స్క్రూడ్రైవర్ సొరుగులో పడేశా.

తర్వాత మిషనుతో వచ్చిన లావుపాటి పుస్తకం తిరగేశాను. మౌస్ లేకుండా కీబోర్డు కుడి పక్కనున్న అంకెల మీటలతో కూడా బాణాన్ని నడపవచ్చని అందులో ఉంది. అది పనిచేయించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

మర్నాడు పొద్దున ఆయన ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఒక్కో మీటా నొక్కారు. బాణం కొద్దికొద్దిగా జరిగింది. గీత తిన్నగా పడింది.

"కష్టంగా ఉందా సార్?"

"నెమ్మదిగ అయితది, అంతే. బాయిల గ్యాలరీలు, లోపటి దారులు గూడ తిన్నగనే ఉంటయి బిడ్డా. గిది చాలు."

కాంట్రాక్టరు వచ్చి చూసి, "మౌసు ముట్టకుంట గీసుడేంది?" అన్నాడు.

"ఇట్లా అయితేనే గీత తిన్నగా వస్తోందండీ" అన్నా. గీత చూశాడు, తలూపి వెళ్లిపోయాడు.

వానాకాలం దాకా ఆయన అట్లాగే గీశారు. తర్వాత మీటలు కూడా ఒకటికి రెండుసార్లు పడడం మొదలైంది. "ఇగ చాలు బిడ్డా" అని ఆయనే మానుకున్నారు. మిగిలినవి నేనే గీశాను. చెరిగిన గీత తగిలినప్పుడల్లా ఆ మ్యాపు చుట్టుకుని, బురద రోడ్డు మీద బస్సులో ఆయన ఇంటికి పోయేదాన్ని. ఆయన మంచం మీద కూర్చుని చెప్పేవారు, నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేదాన్ని. ఆ బస్సుల్లో ఒళ్లు హూనమైపోయేది. ఆఖరి మ్యాపు అయ్యేవరకు పోతూనే ఉన్నా.