వల చోట నిలబెట్టిన మనిషి

సౌదీలో అభా చల్లని ఊరు. రియాద్ ఎండకు తాళలేని వాళ్లు జులైలో కార్లేసుకుని ఈ కొండ మీదికి వస్తారు. అందుకే భూమేష్ నీడ అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చేది: అభాలో నీడెందుకు? చల్లదనం పందిరి కింద కూర్చున్నవాళ్లకు. పొద్దంతా తోటలో నిలబడ్డవాడికి గాలి చల్లగా తగులుతూనే ఉంటుంది, మెడ మీద తోలు ఊడుతూనే ఉంటుంది.

భూమేష్‌ది జగిత్యాల జిల్లా. పసుపు, మక్కజొన్న పండించిన మనిషి. అభా శివారులో అబూ సాలిం కుటుంబానికి కొండవాలు మీద మెట్లు మెట్లుగా దిగే ద్రాక్షతోట ఉంది. అక్కడ పనికి కుదిరాడు. ఈ దేశంలో ద్రాక్షరసం పులిస్తే సిర్కాయే, అంటే వెనిగరే కావాలి, ఇంకోటి కావడానికి వీల్లేదు. ఆ ఇంటివాళ్లు సిర్కా పడతారు, రసం కాచి పాకం తీస్తారు, కిస్‌మిస్ ఎండబెడతారు. ద్రాక్షతోటంటే రోజూ మందేనా అని ఊరి దోస్తులు ఫోన్లో ఆటపట్టిస్తే, "సీసడు సిర్కా పంపుత, తాగి జెప్పుండ్రి" అంటాడు.

అబూ సాలిం కూతురు నౌఫ్ చదువు ముగించి వచ్చాక తోట తీరు మారింది. ఆమె చేసిన మంచిని కాదనను. కూలిపోయిన రాతికట్టలు మళ్లీ కట్టించింది. వాననీళ్లు రాతి తొట్టిలోకి మళ్లించి, బోరు నడపడం తగ్గించింది. పిండిన పిప్పి మేకలకు, ఎరువుకు పోతుంది. కత్తిరించిన కొమ్మలతోనే పాకం పొయ్యి మండుతుంది. మందులు కొట్టడం మానేశారు. ప్లాస్టిక్ తోటలోకి రాకూడదన్నారు. ఆ మాట మీదే పిట్టల వలలు కూడా తీసేశారు.

వలలు తీసేస్తే పిట్టలు ఊరుకుంటాయా? పండు రంగు తిరిగే రోజుల్లో బుల్‌బుల్ పిట్టలు గుంపులుగా దిగుతాయి. కాబట్టి వల చోట మనిషిని పెట్టారు. డబ్బా కొడుతూ, అరుస్తూ, మెట్టు నుంచి మెట్టుకు తిరగడం భూమేష్ పని. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని సర్కారు నియమం ఉంది. ఇది కుటుంబం తోట, కంపెనీ కాదు అన్నారు. వల ఎండకు చివికిపోతే కొత్తది కొంటారు, మనిషి చివికిపోతే ఏం చేస్తారో ఆ తోట గురించి మెచ్చుకుంటూ రాసినవాళ్లెవరూ అడగలేదు.

పోయిన ఏడు జులైలో భూమేష్ కట్ట మీది నుంచి కళ్లు తిరిగి పడ్డాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి పంపారు. మళ్లీ పడితే ఈసారి కిడ్నీలు దెబ్బతింటాయని అక్కడి నర్సు చెప్పింది. తిరిగొచ్చి నీలం తాటిపత్రి అడిగాడు. అది ప్లాస్టిక్. రేకు అడిగాడు. రేకు తోట అందం చెడగొడుతుంది.

తోటలో పని చేయించేదీ, కారు నడిపేదీ ఖయ్యూమే. కడప జిల్లా మనిషి. భూమేష్ మాటలు నౌఫ్‌కు అరబ్బీలో చెప్పేదీ అతనే.

"నువ్వు సరిగ్గ చెప్తున్నవా, భాయ్? నేను గంత సేపు జెప్తె నువ్వు రెండు ముక్కలంటవ్."

"మిగతావి తిట్లు కదప్పా. అవి గూడా చెప్పమంటావా?"

ఈ ఏడు భూమేష్ ఎవరినీ అడగలేదు. వలలు కట్టిన పాత గుంజలు మూల పడి ఉంటే తెచ్చి పాతాడు. కూర్చునే చోట కొమ్మలు పరిచి, కింది ఊరి రైతు దగ్గర జొన్న చొప్ప తెచ్చి పైకప్పు వేశాడు. మన పక్క చేన్లో వేసే మంచె. దాని మీద కూర్చుంటే తోట మొత్తం కనిపిస్తుంది. వడిసెలతో రాయి విసిరితే పిట్టలు కింది మెట్టు నుంచీ లేచిపోతాయి. తిరిగే పని లేదు, నెత్తిన ఎండ లేదు. ఆ వారం పండు నష్టం కూడా తగ్గింది.

అది చూసి నౌఫ్ మురిసిపోయింది. గోరంత ప్లాస్టిక్ లేదు, ఎంత అందంగా ఉందో అంది. ఫోటోలు తీసి నెట్‌లో పెట్టింది. శుక్రవారం తోట చూడటానికి వచ్చిన అతిథులు దాని మీదెక్కి ఫోటోలు దిగారు. బుధవారం ఖయ్యూం నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు.

"భూమేశన్నా, దీన్ని గేటు కాడికి మార్చమంటాండాది మేడమ్. వచ్చేవాళ్లకు ఎదురుగ్గా ఉండాలంట."

"గేటు కాడ పిట్టలున్నయా?"

"మనుషులుండారు."

"మరి నాకు?"

"ఇంగోటి కట్టుకోమనింది. సీజన్ అయినాక."

"సీజన్ అయినంక నాకెందుకు, నీ పెండ్లికి పందిరెయ్యనీకా?"

ఖయ్యూం నవ్వాడు గాని మంచె ఆగలేదు. గుంజలు లేవు, చొప్ప లేదు. భూమేష్ మళ్లీ డబ్బా పట్టుకొని ఎండలోకి దిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం కళ్ల ముందు చీకటి కమ్మింది. కట్ట పట్టుకొని నిలదొక్కుకున్నాడు. డబ్బా అక్కడే పెట్టి గేటు దాకా నడిచాడు. మంచె మీద కూర్చుందామంటే దానికి పైకప్పు లేదు. ఫోటోల్లో ముఖాల మీద నీడ పడుతోందని చొప్ప పీకేశారు. పీకిన చొప్ప మేకలు తినేశాయి. భూమేష్ కాసేపు ఆ కట్టెల వంక చూసి, నేరుగా అతిథుల పందిరి కిందికి పోయి బల్ల మీద కూర్చున్నాడు.

ఎవరూ లేవమనలేదు. పక్కనున్న ముసలాయన మంచినీళ్లు అందించి, గిన్నెలో కాఫీ పోశాడు. ఒక పిల్ల తోట వైపు వేలు చూపించింది. బుల్‌బుల్ పిట్టలు పై మెట్టు మీద వాలి పండ్లు పొడుస్తున్నాయి. అతిథులు ముచ్చటపడి ఫోన్లు ఎత్తారు.

నౌఫ్ గబగబా వచ్చింది. అతిథుల ముందు గొంతు పెంచలేక ఖయ్యూం చెవిలో చెప్పింది. అతను బల్ల దగ్గరికి వచ్చాడు.

"లెయ్యప్పా. సగం పండు పోతాంది."

"నీడ లేంది నేను పోను. మంచె మళ్ల తోటల వెట్టుండ్రి, ఇప్పుడే పోత."

"ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపిస్తారు, తెలుసా?"

"నా కిడ్నీలు నాతోని వస్తయిగద. గట్లనే జెప్పు. ఈసారి రెండు ముక్కలు కాదు, మొత్తం జెప్పు."

ఖయ్యూం మొత్తం చెప్పాడు. నౌఫ్ కాసేపు పిట్టలను చూసింది, బల్ల మీది మనిషిని చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. మట్టి గురించి, నీళ్ల గురించి, మేకల పొట్ట గురించి ఆలోచించిన పిల్ల. ఆ లెక్కలోకి తన పనివాడి తల ఎన్నడూ రాలేదు, అంతే. ఆ ‘అంతే’ దగ్గరే నాకు మండుతుంది.

పొద్దు వాలేసరికి మంచె తోటలోకి తిరిగొచ్చింది, పైకప్పు లేకుండా. కొత్త జొన్న కోతకొచ్చేదాకా ఆ చుట్టుపక్కల చొప్ప దొరకదు.

శనివారం భూమేష్ గదిలోంచి తన దుప్పటి తెచ్చాడు. గల్ఫ్‌కొచ్చిన ప్రతివాడూ కొనే బొచ్చు దుప్పటి, నిండా పెద్దపులి బొమ్మ. గుంజలకు నాలుగు మూలలా బిగించి కట్టి, దాని కింద కూర్చున్నాడు. ఆ పచ్చని తోట మీద పులి గేటు దాకా కనబడుతోంది.

కాసేపటికి ఖయ్యూం మంచె కిందికొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఆ దుప్పటి పాలిస్టరంట. అదిగూడా ప్లాస్టిక్కేనంట. తీసేయమంటాండాది."

భూమేష్ వడిసెలలో రాయి పెట్టాడు.

"ఆమెనే వచ్చి తియ్యమను. పొద్దుందాక ఈడ నాతోని కూసొని, అటెన్క తియ్యమను."

ఖయ్యూం వెళ్లలేదు. చెప్పులు విడిచి, మంచె మీదికెక్కి, అతని పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"యాడుంది ఎండ, ఈ నీడన ఇంత చల్లగుంటే" అన్నాడు.

"గదే జెప్తున్న, భాయ్" అన్నాడు భూమేష్.