బరువుంది, రోడ్డు లేదు

2008లో భద్రాచలంలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. వెనక గదిలో, హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒక గేమింగ్ స్టీరింగ్‌ను బల్లకు బిగించి పెట్టాను. అలాంటి స్టీరింగ్ లోపల చిన్న మోటారు ఉంటుంది. ఆటలో బండి గుంతలో పడితే ఆ మోటారు మన చేతులకు ఎదురు తోస్తుంది. దాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఎంత బలంగా తోయాలో సున్నా నుంచి వంద దాకా అంకె పెట్టుకోవచ్చు. ఈ అంకెలు సరిచేసే పని నాకెవరూ నేర్పలేదు. ఒక్కో అంకె మార్చడం, ఏమైందో నోట్‌బుక్‌లో రాసుకోవడం, అంతే.

వానలు తగ్గాక ఒక గురువారం ముత్తయ్య వచ్చాడు. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. ఇరవై ఏళ్లుగా ఒక ప్రైవేటు దవాఖానా జీపు నడుపుతూ అడవి ఊళ్ల నుంచి పేషెంట్లను తెచ్చేవాడు. మూడు నెలల కింద జీపు ముందు చక్రం గుంతలో పడి, స్టీరింగ్ గిర్రున తిరిగి, దాని స్పోకు తగిలి ఎడమ బొటనవేలు విరిగింది. పవర్ స్టీరింగ్ లేని బండిలో బొటనవేళ్లు రిమ్ము మీదే ఆనించాలి, లోపలికి చుట్టకూడదు. కొత్త డ్రైవర్లకు ఆ మాట చెప్పేది ఆయనే.

“కట్టు ఇప్పిండ్రు తమ్మీ. మల్ల ఇరిగితే ఇగ అతుకదన్నడు డాక్టరు. సోమవారం దవాఖాన మేనేజరు జీపు నడిపిచ్చి ట్రయల్ చూస్తడట. నా తోని కాకుంటె వేరేటోన్ని పెట్టుకుంటరు.”

“చేతికి పట్టు దొరుకుతున్నదా అన్నా?”

“చెయ్యి మంచిగనే ఉన్నది. వేలే నాకు తెల్వకుండ లోపటికి పోతున్నది. అందరికి చెప్పుడు వేరు, మనం చేసుడు వేరు గద! నీ తాన ఉత్తుత్తి గుంతల మిషన్ ఉన్నదంటె వచ్చిన.”

జీపు స్టీరింగ్ బరువెంతో తెలియాలని దవాఖానాలో అడిగి, చింతపండు తూచే స్ప్రింగ్ కాటాను ఆయన జీపు స్టీరింగ్‌కు తగిలించి లాగాను. మట్టి రోడ్డు మలుపులో ఆరు కిలోలు చూపింది. నా స్టీరింగ్ మోటారు ఎంత తోసినా పావు తక్కువ రెండు కిలోలే. అందుకని అన్నీ వందకు పెట్టాను. బలం వంద. చక్రాన్ని ఎప్పుడూ మధ్యకు లాగే సెంటరింగ్ స్ప్రింగ్ వంద. చక్రం తిరగకుండా బిగపట్టే డ్యాంపర్ వంద. వేలికి దూది చుట్టి ముత్తయ్యను కూర్చోబెట్టాను.

ఒక రౌండు తిప్పి ఆయన పెదవి విరిచాడు. “బరువున్నది తమ్మీ, రోడ్డు లేదు.”

“అంటే ఏంది?”

“బురదల దిగబడ్డ బండిని గుంజినట్టున్నది. గుంత ఎప్పుడొచ్చిందో చేతికి తెలుస్తలేదు.”

ఆయన అన్నది నిజమే. స్ప్రింగు, డ్యాంపరు కలిసి గుంతలను మింగేస్తున్నాయి. ఆ రెండూ సున్నా చేశాను. గుంతలు ఠక్కుమని తగలడం మొదలైంది. బలం మాత్రం వందలోనే ఉంచాను. ప్రతి గుంత దగ్గరా తెర చూడకుండా ఆయన వేలును చూసి రాసుకున్నాను. శనివారం సాయంత్రానికి ఇరవై గుంతల్లో ఒక్కసారి కూడా వేలు లోపలికి పోలేదు. గెలిచామన్నాను. ఆయన నవ్వలేదు.

“నీ గుంతలన్నీ ఒక్క అచ్చుల పోసినట్టున్నయి. ఇటుక బట్టీల చేయించినవా?”

ఆ మాటతో నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆదివారం పొద్దున్నే కాటాను రిమ్ముకు తగిలించి, రెండో కొస బల్లకు కట్టి, ఆటలో బండిని చిన్న గుంతలోకి, తర్వాత పెద్ద గుంతలోకి పోనిచ్చాను. రెండింటికీ ముల్లు పావు తక్కువ రెండు దగ్గరే ఆగింది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. మోటారు శక్తికి మించిన బలం అడిగితే, మించినదంతా కోసేసినట్టయి చిన్నదీ పెద్దదీ ఒకటే అయిపోతాయి. ఐదైదు చొప్పున తగ్గిస్తూ వచ్చాను. నలభై ఐదు దగ్గర చిన్న గుంతకు అర కిలో, పెద్దదానికి కిలోన్నర చూపింది. గుంతల మధ్య రోడ్డు తేలికైంది.

ముత్తయ్య కూర్చున్నాడు. మూడో గుంతకే వేలు లోపల ఉంది. ఇరవైలో పదకొండుసార్లు తప్పాడు. తన చేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. బలం ఎక్కువున్నంతసేపు భయంతో వేలు బయట ఉండింది. రోడ్డు తేలిక కాగానే పాత చోటికి పోయింది. ట్రయల్‌కు ఒక్క రోజే ఉంది.

“వందనే పెట్టు తమ్మీ. ధైర్యంగ ఉంటది.”

“రేపు మేనేజరు నీ జీపుకు వంద పెట్టడు గద అన్నా.”

“నీ నోట్ల మన్నువడ!” అని తిట్టి మళ్లీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది. ఇద్దరం ఆగిన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి నా నోట్‌బుక్‌లో తప్పుల లెక్క ఇలా ఉంది: పదకొండు, ఎనిమిది, ఎనిమిది, మూడు. సున్నా రాలేదు.

సోమవారం నేనూ జీపెక్కాను. మేనేజరు ముందు సీట్లో, నేను ఆయన వెనక. నా కళ్లు ఎడమ బొటనవేలు మీదే. గుంతల రోడ్డు బాగానే దాటింది. తర్వాత చదునైన రోడ్డొచ్చింది. వేలు మెల్లగా జారి రిమ్ము లోపలికి పోయింది. మేనేజరు ముందు నేను నోరు తెరవకూడదు. ముందర కల్వర్టు కనిపిస్తోంది.

“థూ!” అన్నాడు ముత్తయ్య తనలో తాను. వేలు బయటికి వచ్చింది. కల్వర్టు అంచున చక్రం పడి స్టీరింగ్ విసురుగా తిరిగింది. రిమ్ము ఆయన అరచేతుల్లోంచి జారి మళ్లీ పట్టుకు దొరికింది.

“ఏందయ్యా, రోడ్డు మీద ఉమ్ముతున్నవా?” అన్నాడు మేనేజరు. కాసేపటికి, “రేపు ఆరింటికి డ్యూటీకి రా” అన్నాడు.

సున్నా రాలేదని ఆదివారం నేను బాధపడ్డాను. తప్పు జరగకపోవడం ఒక్కటే లెక్క అనుకున్నాను. తప్పు జరుగుతున్నప్పుడు చేతికి తెలియడం కూడా లెక్కేనని జీపులో చూశాను. ఇప్పటికీ గేమింగ్ స్టీరింగ్ సరిచేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో బలం పెంచమని అడిగేవాళ్లే ఎక్కువ. నేను ముందు తగ్గిస్తాను. తర్వాత, గుంతలు లేని చోట వాళ్ల చేతులను చూస్తాను.