ఆ కార్డుకు పేరు ఎవరు పెట్టాలి

పాత కంప్యూటర్లకు డ్రైవర్లు, అంటే లోపలి కార్డులను పనిచేయించే ప్రోగ్రాములు, రాయడం మా తమ్ముడి పిచ్చి. వనపర్తి పాత సామాను కొట్ల నుంచి, మూతబడ్డ ఇంటర్నెట్ సెంటర్ల నుంచి డబ్బాలు మోసుకొచ్చి, వాటిలోని కార్డులను కొత్త సిస్టంలో పనిచేయిస్తాడు. గద్వాలలో మా పుట్టింటి ముందుగది నిండా అవే. నేనుండేది రెండు వీధుల అవతల. ఆదివారం వస్తే నా చోటు ఆ గదిలోనే.

ప్రతి కార్డు లోపలా ఒక నంబరుంటుంది. నువ్వెవరని కంప్యూటరు అడిగితే కార్డు ఆ నంబరే చెబుతుంది. డ్రైవరులో ఆ నంబరుకు మనుషులకు అర్థమయ్యే పేరొకటి రాయాలి, తయారుచేసిన కంపెనీ ముందు, కార్డు చేసే పని తర్వాత. మెషీనుకు ఆ పేరుతో పనే లేదు. కానీ ఎక్కడెక్కడి వాళ్లో ఆ డ్రైవరును ఇంటర్నెట్‌లోంచి దింపుకుని ఆ పేరే చదువుతారు. కోడ్ తమ్ముడిది, పేర్లు నావి. వాడికి పెళ్లయ్యాక కూడా అంతే. చిప్పు మీది మట్టిని పాత బ్రష్షుతో గీకి, భూతద్దంతో అక్షరాలు చదివి మరీ పెట్టేదాన్ని.

నాగర్‌కర్నూల్ ఇంటర్నెట్ సెంటరు నుంచి వచ్చిన సౌండు కార్డు దగ్గర ఆగిపోయాను. చిప్పు మీది రాత పూర్తిగా అరిగిపోయింది. ఊహించి పేరు పెట్టడం నాకు పడదు. తెలియనిది అని ఇంగ్లీషులో రాసి వదిలేశాను. మళ్లీ ఆదివారం వచ్చి చూస్తే ఆ చోట పేరుంది.

"ఎవరు పెట్టిన్రు ఇది?"

"నీ మరదలే," అన్నాడు తమ్ముడు తల ఎత్తకుండా. "ఉప్పునుంతల పోయింది గద, తల్లిగారింటికి. వచ్చేటప్పుడు నాగర్‌కర్నూల్‌ల దిగి, ఆ సెంటరాయన్ని అడిగి కార్డు అట్టపెట్టె పట్టుకొచ్చింది. దాని మీదనే ఉన్నది కంపెనీ పేరు."

పేరు తప్పయినా బాగుండేది. ఒకటికి నాలుగుసార్లు చూశాను. వంక పెట్టడానికి ఒక్క అక్షరం లేదు. కడుపు మండిపోయింది. మరదలు చాయ్ తెస్తే చక్కెర ఎక్కువైందన్నాను. ఎక్కువేం కాలేదు. ఆ పెట్టె సంగతి నాకెందుకు తట్టలేదని ఇంటికి పోయేదాకా నన్ను నేను తిట్టుకున్నాను, ఆమెను అంతకన్నా ఎక్కువ.

ఆ తర్వాత నేను వెళ్లేసరికే పేర్లన్నీ అయిపోయి ఉండేవి.

"జర నాకోసం ఆగరాదు?" అన్నానొకసారి.

"ఆదివారం దాకనా అక్కా?" అన్నాడు తమ్ముడు. వాడి పక్కన కుర్చీలో మరదలు కూర్చుని ఉంది. అది నా కుర్చీ.

ఈ మధ్యే వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. తొట్టెల్లో వేసే రోజు బిడ్డకు పేరు పెట్టాల్సింది మేనత్త. అమ్మ నన్ను పిలిచి తొట్టెల దగ్గర నిలబెట్టింది.

"చెప్పవే, ఏం పేరు?"

అందరూ నావైపే చూస్తున్నారు. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"బిడ్డకు తల్లినే పెట్టుకోమను. ఆ సౌండు కార్డు పేరు నాకియ్యమను."

చుట్టాలు పడీ పడీ నవ్వారు, సౌండు కార్డంటే ఏందో తెలియనివాళ్లు కూడా. మరదలు ఒక్కతే నవ్వలేదు. బిడ్డ మీది గుడ్డ సర్ది, నన్ను సూటిగా చూసింది.

"బిడ్డకు నువ్వే పెట్టు వదినా, నీ ఇష్టం. కార్డు మాత్రం ఇయ్య."

నేను తమాషాకు అనలేదని ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే అర్థమైంది. ఒళ్లు మండుతూనే ఉంది. తొట్టెల మీదికి వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పాను.